దాస్యంలో తిన్న రొట్టె

అమెరికాలోని నల్లజాతి ముస్లింల ఉద్యమం నేషన్ ఆఫ్ ఇస్లాం అధినేత ఎలైజా మహమ్మద్ 1967లో ‘హౌ టు ఈట్ టు లివ్’ అనే పుస్తకం ప్రచురించారు. అందులో పంది మాంసం తినవద్దని చెప్పడం వింత కాదు. అయితే ఆయన వద్దన్న తిండి జాబితాలో చిలగడదుంప ఉంది, మొక్కజొన్న రొట్టె ఉంది, అలసందలు కూడా ఉన్నాయి. ఖురాన్ వీటిలో దేన్నీ నిషేధించలేదు. ఇవి ఒంటికి మంచివి కావని ఆయన వాదించారు. ఆ వాదన వెనక ఇంకా బలమైన కారణం ఉంది. అవి బానిసలకు యజమానులు అలవాటు చేసిన తిండి. సంకెళ్లు తెగినవాళ్లు ఆ రుచిని కూడా తెంచుకోవాలన్నది ఆయన పట్టుదల.

అదే కాలంలో అమెరికా దక్షిణాదిన నల్లజాతి క్రైస్తవులు ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చి, ఇనుప మూకుడులో కాల్చిన మొక్కజొన్న రొట్టె ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేవారు. కొన్ని ఇళ్లలో ఆ పిండిలోనే మెత్తగా చిదిమిన చిలగడదుంప కలిసేది. ఒకే జాతి, ఒకే గతం. ఒకరికి ఆ రొట్టె దీవెన, మరొకరికి మైల. మనిషికి జరిగిన అన్యాయం అతను తిన్న తిండికి కూడా అంటుకుంటుందా? ఇది నిజంగా మతం తేల్చవలసిన ప్రశ్నే.

ఎలైజా మహమ్మద్ కోపానికి కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథలో బానిసలకిచ్చే నెల బత్తెం లెక్క ఉంది: ఎనిమిది పౌండ్ల పంది మాంసం లేదా దానికి సరిపడా చేపలు, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి. పిల్లల సంగతి ఇంకా ఘోరం. ఉడికించిన మొక్కజొన్న పిండిని చెక్క తొట్టిలో పోసి నేల మీద పెట్టి, పందుల్ని పిలిచినట్టు పిల్లల్ని పిలిచేవారట. ఆల్చిప్పలతో, చేతులతో, ఎవరు వేగంగా తింటే వాళ్లకు ఎక్కువ దక్కేది. తెలంగాణలో మక్క గటక తాగి పెరిగిన పాత తరానికి ఆ జావ రుచి చెప్పనక్కర్లేదు. కానీ గటకను తల్లి గిన్నెలో పోసి ఇస్తుంది. డగ్లస్ చెప్పిన తొట్టిలో ఉన్నది ఆకలి ఒక్కటే కాదు, అవమానం కూడా.

చిలగడదుంపదీ అలాంటి కథే. బుకర్ టి. వాషింగ్టన్ వర్జీనియాలో బానిసగా పుట్టారు. 1901లో వచ్చిన ‘అప్ ఫ్రమ్ స్లేవరీ’లో తన చిన్ననాటి గుడిసె గురించి రాశారు. మట్టి నేల మధ్యలో లోతైన గొయ్యి, పైన పలకలు. చలికాలంలో చిలగడదుంపలు దాచడానికి ఆ గొయ్యి. దుంపలు పెట్టేటప్పుడో తీసేటప్పుడో ఒకటీ అరా తన చేతికి చిక్కితే, కాల్చుకుని తిన్నానని ఆయన సంతోషంగా గుర్తుచేసుకున్నారు. అణచివేత నడుమ కూడా ఆ పిల్లవాడికి దుంప తీపి తెలిసింది. ఆ తీపి అబద్ధం అనగలమా?

తప్పు ఆ తిండిదేనా అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర ఒక జవాబుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాదిని పెల్లాగ్రా అనే జబ్బు పట్టి పీడించింది. చర్మం పొక్కులెక్కేది, విరేచనాలు ఆగేవి కావు, చివరికి మతి చలించేది. చాలామంది మొక్కజొన్ననే అనుమానించారు. యూదు కుటుంబంలో పుట్టిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే ప్రభుత్వ వైద్యుడు 1915లో మిసిసిపీలోని రాంకిన్ జైలు పొలంలో, క్షమాభిక్ష హామీతో ముందుకొచ్చిన ఖైదీలకు పేదల తిండే పెట్టి చూశారు. అందులో మొక్కజొన్న రొట్టె ఉంది, చిలగడదుంప ఉంది, అన్నం, ఆకుకూరలు, చెరకు పాకం ఉన్నాయి. పాలు, గుడ్లు, మాంసం లేవు. 11 మందిలో ఆరుగురికి జబ్బు లక్షణాలు కనిపించాయి. ఆయన పరిశీలించిన అనాథాశ్రమాల్లో మాత్రం పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం పెంచగానే జబ్బు తగ్గిపోయింది. తప్పు పళ్లెంలో ఉన్న రొట్టెది కాదు, పళ్లెంలోకి పాలూ గుడ్లూ రానివ్వకపోవడానిది. మొక్కజొన్నను మొదట పండించిన మూలవాసులు దాన్ని సున్నపు నీళ్లలోనో బూడిద నీళ్లలోనో ఉడికించి తినేవారు. గింజలో బిగుసుకుపోయిన, పెల్లాగ్రాను అడ్డుకునే నియాసిన్ అనే విటమిన్ అలా విడుదలవుతుంది. గింజను పట్టుకెళ్లినవాళ్లు ఆ పద్ధతిని వదిలేశారు.

హైదరాబాద్‌కూ ఈ జబ్బు తెలుసు. జొన్నే ప్రధానాహారమైన పేదల్లో వచ్చే పెల్లాగ్రా మీద పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్, ఆయన సహచరుడు 1960లో తమ పరిశీలన ప్రకటించారు. అంత మాత్రాన జొన్నరొట్టెను ఇక్కడ ఎవరూ పాపపు తిండి అనలేదు. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని నిందించకపోవడాన్నే ఒక వ్రతంగా చెప్పింది.

ఇప్పుడు ఇంట్లో కాల్చే చిలగడదుంప మొక్కజొన్న రొట్టెను ఈ వెలుగులో చూడాలి. దుంపను తొక్కతోనే, తొందరపడకుండా కాల్చాలి. వేడి దాదాపు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపూ దుంపలోని ఎంజైములు పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తాయి. తొందరపడితే ఆ తీపి తగ్గిపోతుంది. కాలిన గుజ్జు ఒక కప్పు, మొక్కజొన్న పిండి ఒక కప్పు, అర కప్పు మైదా, రెండు గుడ్లు, ముప్పావు కప్పు చిక్కటి మజ్జిగ, కరిగించిన వెన్న, ఉప్పు, కొంచెం బేకింగ్ పౌడర్, చిటికెడు వంటసోడా. మజ్జిగ పులుపు తగలగానే సోడా పొంగుతుంది. మొక్కజొన్నలో గోధుమకుండే జిగి లేదు కాబట్టి ఈ రొట్టె పొడిపొడిగా రాలిపోవాలి. దుంప గుజ్జు తేమను పట్టి ఉంచి దాన్ని కాపాడుతుంది. వెన్న రాసి ముందే కాచిన ఇనుప మూకుడులో పిండి పోస్తే చుయ్‌మంటుంది, అంచు కరకరలాడుతుంది. 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంట లోపే అవుతుంది.

ఆ దినుసుల్లో గుడ్లు, మజ్జిగ, వెన్న ఉన్నాయి. డగ్లస్ లెక్కగట్టిన బత్తెంలో లేనివి ఇవే. గోల్డ్‌బెర్గర్ కాలంలో అనాథాశ్రమ పిల్లల జబ్బు తగ్గించినవీ ఈ కోవవే. పిండి అదే, దుంప అదే. ఏం కలపాలో నిర్ణయించే హక్కు మాత్రం చేతులు మారింది. బుకర్ వాషింగ్టన్ నడిపిన టస్కీగీ విద్యాసంస్థలో, తానూ బానిసగానే పుట్టిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ చేసిన పని కూడా ఇదే. మొదటి ప్రపంచయుద్ధంలో గోధుమకు కరువొస్తే చిలగడదుంప పిండి కలిపి రొట్టెలు చేయించారు. 1922లో ఆ దుంపను నిలవ చేసే, వండే పద్ధతులతో రైతుల కోసం చిన్న పుస్తకం వేశారు. కార్వర్ ప్రతి మొక్కలోనూ సృష్టికర్త పని చూసిన భక్తుడు. గుడిసె గోతిలోని దుంపను ఆయన ప్రయోగశాల బల్ల మీద పెట్టారు.

దాస్యపు తిండిని ఏం చేయాలన్న ఈ చిక్కును యూదులు వేల ఏళ్ల కిందటే ఎదుర్కొన్నారు. ఈజిప్టు దాస్యం నుంచి బయటపడిన పస్కా పండగనాడు పులియని మట్జా రొట్టె తింటారు. బైబిల్ ద్వితీయోపదేశకాండం దాన్ని బాధల రొట్టెగానే పేర్కొంది. వాళ్లు దాన్ని దాచలేదు, పారేయలేదు. రొట్టెను పైకెత్తి చూపిస్తారు, పిల్లలు ప్రశ్నలడుగుతారు, పెద్దలు కథ చెబుతారు, ఆ తర్వాతే తింటారు. కథ లేకుండా తింటే ఎలైజా మహమ్మద్ భయపడిందే జరుగుతుంది. అవమానం అలవాటుగా మిగిలిపోతుంది. ఆ భయం న్యాయమైనదే. ఆయన ఒప్పుకోనిదల్లా, ఆ రొట్టెతో పాటు కథను కూడా వడ్డించవచ్చన్న సంగతే.

విగ్రహాలకు పెట్టిన మాంసం తినవచ్చా అని కొరింథు క్రైస్తవులు అడిగితే, తినడం తప్పు కాదుగానీ సోదరుడి మనసు నొచ్చుకుంటే మానుకోవడమే మేలని అపొస్తలుడు పౌలు రాశాడు. ఈ రొట్టె విషయంలోనూ అదే సరైన తీర్పు. ఇందులో మైల లేదు. దీన్ని వద్దనే నల్లజాతి ముస్లిం కుటుంబానికి బలవంతం చేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. థ్యాంక్స్‌గివింగ్ రోజున ఈ రొట్టె కాల్చే అమెరికా తెలుగు కుటుంబాలు, ముక్కలు కోసే ముందు ఆ చెక్క తొట్టి సంగతి, ఆ దుంపల గోతి సంగతి పిల్లలకు చెప్పాలి.