సగం బలం

మార్కాపురంలో ఆహార సలహాలిస్తాను. చదువులో వ్యాయామం గురించి నాకు నేర్పింది కొంచెమే. అయినా చీటీలో రాస్తాను: వారానికి 150 నిమిషాల నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క అది. చెన్నకేశవస్వామి గుడి వీధిలో రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చునే షావుకారుకు సరిగ్గా నప్పుతుంది.

పొద్దంతా రాతి పలకలు కోసి, ఆ దుమ్ముతోనే వచ్చిన అక్కకో? "ఇంకా నడవాలా మేడం?" అంది.

గీత ఆరో అధ్యాయం, 17వ శ్లోకం తిండికీ తిరుగాటకూ కలిపే మితం చెప్పింది. ఆయుర్వేదంలో వాగ్భటుడు వ్యాయామంలో బలవంతుణ్ణి కూడా సగం శక్తి దగ్గరే ఆగమన్నాడు. ఆ సగం, మిగతా సగం కూడా కూలికే పోతే, వ్యాయామం అడిగే అధికారం నాకెక్కడిది? ముందు ఊపిరితిత్తులు చూపించుకోమని డాక్టరు దగ్గరికి పంపాను. నిజానికి ఆమెకు రాయాల్సింది విశ్రాంతి. రాస్తే, ఆ పూట కూలి ఎవరిస్తారు?