రోగి ఋణం: వైద్యవిద్యలో అభ్యాసనీతి

ప్రశ్న స్వరూపం

వైద్య, నర్సింగ్ విద్యార్థులు చదువుకాలంలో ఏమి నేర్చుకుంటారన్న ప్రశ్నకు పాఠ్యప్రణాళికలలో విపులమైన సమాధానం ఉంది. శరీరనిర్మాణం, శరీరధర్మం, రోగలక్షణాలు, ఔషధాలు, శస్త్రచికిత్స, పరిచర్య అంటూ ఆ జాబితా సాగుతుంది. ఎవరి శరీరం మీద నేర్చుకుంటారన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. నరం దొరకని చేతికి మూడుసార్లు సూది గుచ్చి, నాలుగోసారి సెలైన్ ఎక్కించగలిగిన విద్యార్థికి ఒక విద్య అబ్బుతుంది. ఆ మూడు పోట్లనూ ఓర్చుకున్న చేయి మరొకరిది. నేర్చినవారికి నైపుణ్యంగా మిగిలినది, భరించినవారికి నొప్పిగా మిగిలింది.

ఈ సంగతిని లోకం ఎప్పుడో గుర్తించింది. వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడన్న సామెత వెక్కిరింతగా కనిపించినా, అందులో అభ్యాసానికి ఎవరో మూల్యం చెల్లిస్తున్నారన్న ఎరుక ఉంది. తమిళంలో ఇటువంటి సామెతే ఉంది. అందులో మనుషులను సూచించే ‘పేర్’ అన్న మాట మొదట మూలికను సూచించే ‘వేర్’ అనీ, వేయి మూలికలు ఎరిగినవాడే వైద్యుడన్నది అసలు భావమనీ సమర్థించేవారున్నారు. ఆ సవరణ వైద్యుని గౌరవాన్ని కాపాడుతుంది గాని సామెత లేవనెత్తిన ప్రశ్నను తొలగించదు. మూలికలు ఎన్ని ఎరిగినా, వాటి గుణం తెలిసేది వాటిని సేవించిన మనిషి శరీరంలోనే.

ఒకరి దేహం మరొకరి విద్యకు సాధనం కావడం ఏ షరతుల మీద న్యాయం? ఆ విధంగా నేర్చినవారు ఎవరికి, ఏ రూపంలో ఋణపడి ఉంటారు? ఈ రెండు ప్రశ్నలను ప్రాచీన వైద్యసంహితల వెలుగులోనూ వర్తమాన బోధనాసుపత్రుల నేపథ్యంలోనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గుమ్మడికాయ, మనిషి

అభ్యాసంలోని ప్రమాదాన్ని సుశ్రుతసంహిత స్పష్టంగా గుర్తించింది. సూత్రస్థానంలోని తొమ్మిదో అధ్యాయం యోగ్యాసూత్రీయం. ‘యోగ్య’ అంటే చేతికి అలవాటు చేసే అభ్యాసం. ఛేదనాన్ని గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయల మీద, లేఖనాన్ని రోమాలున్న తోలు మీద, సిరావేధను చచ్చిన జంతువుల సిరల మీద, తామరతూడుల మీద అభ్యసించాలని ఆ అధ్యాయం విధిస్తుంది. కుట్లు వేయడానికి పలుచని, దళసరి వస్త్రాల అంచులను, మెత్తని తోలును ఉపయోగించాలి. కట్టు కట్టడం నేర్చుకోవడానికి బొమ్మమనిషిని తయారుచేసుకోవాలి. శాస్త్రమంతా చదివినా ఈ అభ్యాసం లేనివాడు చికిత్సకు అర్హుడు కాడని సుశ్రుతుని అభిప్రాయం. శాస్త్రం గాని కర్మ గాని ఒక్కటే తెలిసిన వైద్యుణ్ణి ఆయన ఒంటిరెక్క పక్షితో పోల్చాడు.

ఈ విధానంలోని నైతికాంశం గమనార్హం. విద్యార్థి మొదటి పొరపాట్లన్నీ నొప్పి తెలియని వస్తువుల మీదనే జరిగిపోవాలి. నేటి వైద్యకళాశాలల నైపుణ్యశిక్షణ ప్రయోగశాలల్లోని బొమ్మల వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. అయితే గుమ్మడికాయ చేయి వెనక్కు లాక్కోదు, భయపడదు, ‘ఇంకెంతసేపు’ అని అడగదు. కాయ మీద కుదిరిన కోత కదిలే శరీరం మీద మళ్ళీ మొదటి కోతే అవుతుంది. ఎంత అభ్యాసం చేసినా ప్రతి వైద్యునికీ మొదటి రోగి ఒకరు ఉండక తప్పదు. సుశ్రుతుని పద్ధతి ఆ మొదటి రోగి భరించే కష్టాన్ని తగ్గించగలదు గాని పూర్తిగా తీసివేయలేదు. మిగిలిపోయే ఆ కష్టమే ఇక్కడ విచార్యం.

ప్రథమ గురువు

ఆధునిక వైద్యవిద్యలో విద్యార్థి మొదట కలుసుకొనే మనిషి దేహం శవం. సుశ్రుతుడు శారీరస్థానంలో శవపరీక్షను కూడా విధించాడు. శవాన్ని గడ్డితో కప్పి, పంజరంలో ఉంచి, పారే నీటిలో నిలిపి, ఏడు రాత్రుల తరువాత పొరలు పొరలుగా గీరుతూ పరిశీలించాలన్నాడు. ఆ దేహం ఎవరిదన్న విచారణ ఆ వర్ణనలో లేదు. విషం వల్ల గాని దీర్ఘరోగం వల్ల గాని మరణించినవారిది కాకూడదన్న అర్హతల వివరమే ఉంది.

బ్రిటన్‌లో 1832నాటి అనాటమీ చట్టం, ఎవరూ తీసుకువెళ్ళని దేహాలను వైద్యబోధనకు అప్పగించే వీలు కల్పించింది. భారతదేశంలో రాష్ట్రాలు చేసుకున్న శరీరశాస్త్ర చట్టాలు కూడా అనాథదేహాల మీద ఆధారపడే పద్ధతినే అనుసరించాయి. అనాథ అన్న మాటకు ఇక్కడ ఆచరణలో పేద అని అర్థం. బతికినంతకాలం ఎవరికీ పట్టని మనిషి మరణించాక శాస్త్రానికి అవసరమైనాడు. అతని అనుమతిని అడిగినవారు లేరు.

స్వచ్ఛంద దేహదానం దీనికి భిన్నమైన నైతికస్థాయికి చెందినది. 2010లో జ్యోతిబసు, 2024 సెప్టెంబరులో తెలుగువారైన సీతారాం ఏచూరి మరణించినప్పుడు వారి దేహాలు వైద్యబోధనకు అందాయి. రెండు సందర్భాల్లోనూ విద్యార్థి ముందున్నది మానవదేహమే. శవచ్ఛేదం వల్ల కలిగే జ్ఞానంలో కూడా తేడా లేదు. ఒకచోట విద్యార్థి తీసుకుంటున్నాడు, మరొకచోట అతనికి ఎవరో ఇస్తున్నారు. భేదమంతా అక్కడే ఉంది.

2019 నుంచి అమలులోకి వచ్చిన సామర్థ్యాధారిత వైద్యపాఠ్యప్రణాళికలో వైఖరి, నీతి, సంభాషణలకు ప్రత్యేక బోధనాంశాలు చేరాయి. శవాన్ని ప్రథమ గురువుగా భావించాలన్నది వాటిలో ఒకటి. ఇది చిన్న మార్పు కాదు. ‘వస్తువు’ స్థానం నుంచి ‘గురువు’ స్థానానికి దేహాన్ని తీసుకువచ్చిన మాట అది. అయితే మరణించినవారు ప్రథమ గురువులైతే, వార్డులో బతికి ఉన్న రోగి ఎన్నో గురువు?

సాధనం, సమ్మతి

మనిషిని కేవలం సాధనంగా చూడరాదని కాంట్ 1785లో ప్రతిపాదించాడు. ఈ సూత్రంలో బలమంతా ‘కేవలం’ అన్న మాటలో ఉంది. మనుషులు నిత్యం పరస్పరం సాధనాలవుతూనే ఉంటారు. రోగికి వైద్యుడూ, వైద్యునికి రోగీ ఒక విధంగా సాధనాలే. ఆ సాధనం తన ఇష్టాయిష్టాలు గల వ్యక్తి అన్న సంగతిని విస్మరించినప్పుడే తప్పు జరుగుతుంది. కనుక బోధనాసుపత్రిలో రోగి దేహం విద్యకు ఉపయోగపడడమే అన్యాయం కాదు. అడగకుండా ఉపయోగపడవలసిరావడం అన్యాయం.

2008 జనవరిలో భారత సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు సమ్మతి పరిధిని స్పష్టం చేసింది. రోగనిర్ణయం కోసం జరిపే ప్రక్రియకు ఇచ్చిన అనుమతి, గర్భాశయాన్ని తొలగించే శస్త్రచికిత్సకు అనుమతి కాదని ఆ తీర్పు సారాంశం. ఈ తర్కాన్ని బోధనకు అన్వయిస్తే, చికిత్సకు ఇచ్చిన సమ్మతి బోధనకు ఇచ్చిన సమ్మతి కాదు. జబ్బు నయంచేయమని మంచం మీద పడుకున్న స్త్రీ, పదిమంది విద్యార్థులు వరుసగా వచ్చి తన పొట్ట నొక్కి చూడడానికి కూడా ఒప్పుకున్నట్లు కాదు.

దీనికి రెండు ఆక్షేపణలు ఉన్నాయి. అడిగితే అందరూ నిరాకరిస్తారనీ, అప్పుడు వైద్యులే తయారుకారనీ మొదటిది. ఇది రోగుల ఔదార్యాన్ని పరీక్షించకుండానే తీర్మానించడం. పైగా నిరాకరిస్తారేమోనన్న భయంతో అడగకపోవడం, నిరాకరించే హక్కు వారికి ఉందని అంగీకరించడమే అవుతుంది. బోధనాసుపత్రిలో ఎక్కువ కళ్ళు రోగిని గమనిస్తాయనీ, కాబట్టి అక్కడి రోగికి మేలే జరుగుతుందనీ రెండోది. ఇందులో నిజం ఉంది. అయితే ఆ మేలు, ఆ భారం సమాజంలో ఎలా పంపిణీ అవుతున్నాయో చూడాలి. డబ్బు చెల్లించగలవారు అనుభవజ్ఞుని చేతినే ఎంచుకుంటారు. నేర్చుకుంటున్న చేతికి తన చేయి అందించేది ఎక్కువగా ఉచితవార్డులోని రోగి.

ఋణం తీరే దారి

భారతీయ చింతనలో మనిషి దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు ఋణాలతో పుడతాడన్న భావన వైదికకాలం నాటిది. వీటిలో పితృఋణం తీరే తీరు ఇక్కడ ఉపకరిస్తుంది. తండ్రికి తిరిగి చెల్లించడం ద్వారా అది తీరదు, సంతానం ద్వారా తీరుతుంది. అంటే ఋణదాత ఒకరు, చెల్లింపు అందుకునేది మరొకరు. వైద్యవిద్యార్థి ఋణం కూడా ఈ కోవలోనిదే. మూడు సూదిపోట్లు భరించిన రోగి రేపు ఎక్కడ ఉంటాడో తెలియదు. ఆ బాకీ తదుపరి రోగికి చెల్లవలసిందే.

అయితే వైద్యుల ప్రతిజ్ఞల్లో ఈ ఋణప్రస్తావన కనిపించదు. హిప్పోక్రటిస్ ప్రతిజ్ఞ గురువును తల్లిదండ్రులతో సమానంగా భావించమంటుంది. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలోని శిష్యోపదేశం గురువు పట్ల విధేయతనూ, రోగి మేలు కోసం సర్వాత్మనా యత్నించడాన్నీ, రోగి ఇంటి విషయాలను బయటపెట్టకపోవడాన్నీ విధిస్తుంది. రాజద్వేషులకు చికిత్స చేయరాదన్నటువంటి, ఆ కాలపు అధికారక్రమాన్ని చూపే నిషేధాలు కూడా అందులో ఉన్నాయి. చరకప్రతిజ్ఞకు సవరించిన రూపాన్ని వైద్యవిద్య ఆరంభంలో చేయించాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో సిఫారసు చేసినప్పుడు ఏ ప్రతిజ్ఞ ఉండాలన్న వివాదం జరిగింది. ఈ రెండు ప్రాచీన ప్రతిజ్ఞల్లోనూ ఉన్న ఒక లోపం మాత్రం చర్చకు రాలేదు. రెండింటిలోనూ రోగి ఉపకారం పొందేవాడే. ఉపకారం చేసినవాడుగా, విద్య నేర్పినవాడుగా అతడు ఎక్కడా లేడు. గురుఋణానికి మాట ఉంది, రోగిఋణానికి లేదు.

ఈ లోపానికి ఆచరణలో ఫలితం ఉంది. పెద్దమొత్తంలో రుసుము చెల్లించి చదివిన విద్యార్థి తన విద్యకు తగిన మూల్యం చెల్లించానని భావించవచ్చు. కాని ఆ రుసుము సంస్థకు చేరింది, దేహం అందించిన రోగికి చేరలేదు. ప్రభుత్వాసుపత్రి వార్డులో నేర్చిన నైపుణ్యం ఆ వార్డు గడప తొక్కనివారికే జీవితాంతం అంకితమైతే, చెల్లింపు జరిగింది గాని బాకీదారుల ఇంటికి చేరలేదన్నమాట. గ్రామీణసేవ నిబంధనను విద్యార్థులు శిక్షగా, ప్రభుత్వాలు సిబ్బంది కొరతకు ఉపాయంగా చూస్తున్నంతకాలం అందులోని న్యాయభావన వెలుగులోకి రాదు. ఋణంగా గుర్తిస్తే అదే సేవకు మరో అర్థం వస్తుంది.

రోగి మాట

గురువుగా గుర్తించడానికి మొదటి షరతు గురువు మాట వినడం. రోగి చెప్పిన ముఖ్యబాధను అతని మాటల్లోనే రాసుకోవాలని రోగచరిత్ర సేకరించే పద్ధతి చెబుతుంది. తెలుగునాట ఆ నియమం కేస్‌షీట్ మొదటి పంక్తిలోనే భంగమవుతుంది. రోగి తెలుగులో చెబుతాడు, విద్యార్థి ఇంగ్లీషులో రాస్తాడు. మంట, పోటు, సలుపు, పీకు, తీపు అన్న మాటలు వేరువేరు బాధలను చెబుతాయి. ఒకచోట ఆయాసమన్నది మరోచోట దమ్ము. ఒకరు లాగుతోందన్నది మరొకరు గుంజుతోందంటారు. కడుపులో దేవడం, కళ్ళు తిరగడం, గుండెదడ వంటి మాటల్లో అనుభవం సూక్ష్మంగా విభజితమై ఉంది.

ఇంగ్లీషు వైద్యగ్రంథాల్లో నొప్పి భేదాలు లేవని కాదు. విద్యార్థి వాటిని కంఠస్థం చేసి ఉంటాడు కూడా. ఆ భేదాలకూ రోగి మాటలకూ మధ్య వంతెన లేకపోవడమే చిక్కు. వంతెన లేనిచోట సలుపూ పోటూ కలిసి ‘పెయిన్’ అయిపోతాయి. ఆ నష్టం నైతికమైనదే కాదు, రోగనిర్ణయానికి కూడా సంబంధించినది. గుండెల్లో మంట అన్న మాటను జీర్ణకోశానికి సంబంధించినదిగా తీసుకోవాలా, గుండెకు సంబంధించినదిగా అనుమానించాలా అన్నది మరో రెండు ప్రశ్నలు అడిగితేగాని తేలదు. ఆ ప్రశ్నలు రోగి భాషలోనే అడగాలి. అఖిలభారత కోటాలో ఇతర రాష్ట్రాలనుంచి వచ్చిన విద్యార్థికి ఈ కష్టం స్పష్టంగా తెలుస్తుంది. తెలుగు మాతృభాష అయిన విద్యార్థికి తెలియకపోవడం మరింత ప్రమాదకరం.

చరకుడు చికిత్సకు వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలను చెప్పాడు. పరిచారకునికి కావలసిన గుణాల్లో పరిచర్యాజ్ఞానం, దక్షత, శుచిత్వాలతో పాటు అనురాగాన్ని చేర్చాడు. వైద్యుని వృత్తిలో మైత్రి, కారుణ్యం, సాధ్యరోగుల పట్ల ప్రీతి, మరణాభిముఖుల విషయంలో ఉపేక్ష ఉండాలన్నాడు. ఈ నాలుగింటిలో ఆధునిక విద్యార్థికి తొందరగా అబ్బేది ఉపేక్ష. శవచ్ఛేదశాలలో చేయి వణకకుండా నిలబడడానికి అది అవసరమే. చరకుని క్రమంలో అది మొదటి మూడింటి తరువాత వస్తుంది. ముందు మైత్రి తెలిసినవారి ఉపేక్ష నిగ్రహం. మైత్రి తెలియకముందే వచ్చిన ఉపేక్ష మొద్దుబారడం. వార్డులో రోజూ రోగితో మాట్లాడే నర్సింగ్ విద్యార్థికి మైత్రి అలవడే అవకాశం ఎక్కువ. ఆమె విన్న మాటకు కేస్‌షీట్‌లో విలువ తక్కువ.

ముగింపు

వైద్యవిద్యలో ఒకరి దేహం మరొకరి విద్యకు ఉపయోగపడడం అనివార్యం. సమ్మతి అడిగినప్పుడు, ఋణాన్ని అంగీకరించినప్పుడు, చెల్లింపు అదే వర్గపు రోగులకు చేరినప్పుడు ఆ ఉపయోగం న్యాయమవుతుంది. ఈ మూడింటికీ రోగి మాట వినడం మూలం. తన భాషలో అడగని సమ్మతి సంతకమే అవుతుంది గాని సమ్మతి కాదు.

ఇక్కడ తెలుగుశాఖల బాధ్యత కూడా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం రైతుల మాటలను ప్రాంతాలవారీగా సేకరించి శాస్త్రస్థాయికి చేర్చింది. జబ్బుపడిన మనిషి మాటలకు అటువంటి క్షేత్రసేకరణ జరిగి, మాండలికభేదాలతో, వైద్యార్థ వివరణలతో కోశంగా రూపొందితే, వైద్య, నర్సింగ్ కళాశాలల ఆరంభశిక్షణలో భాషాబోధనకు పాఠ్యగ్రంథం ఏర్పడుతుంది. ప్రస్తుత పాఠ్యప్రణాళికలో ఆ బోధనకు చోటు ఉంది. ఆ చోటులో ఏమి బోధించాలో చెప్పగలిగే స్థితిలో ఉన్నది తెలుగు పరిశోధకులే.