పేరు మాత్రమే మిగిలిన మజిలీలు

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 33వ అధ్యాయము



కుటుంబ ప్రార్థనలో బైబిలును వరుసగా చదువుకొను ఇండ్లలో సంఖ్యాకాండము 33వ అధ్యాయము వచ్చిన రాత్రి ఏమి జరుగునో మనకందరికి తెలియును. చదువుచున్న పిల్లవాడు పేళ్ల దగ్గర తడబడును. పెద్దవారు, "అది విడిచి తరువాతిది చదువు నాయనా" అందురు. మేమును అట్లు అనినవారమే. ఒక చోటు విడిచిరి, వేరొక చోట దిగిరి. అదియు విడిచిరి, ఇంకొక చోట దిగిరి. నలువదికి పైగా పేళ్లు. వీటిలో ఆత్మకు ఆహారమేమున్నది?

ఇటీవల ఒక సహోదరి అడిగిన ప్రశ్న మాచేత ఈ అధ్యాయమును మరల తెరపించినది. ఆమె భర్త పక్షవాతముతో మంచము పట్టి తొమ్మిది యేండ్లు గడచినవి. "అయ్యగారూ, మొదటి యేడు దేవుడు నాకేదో నేర్పుచున్నాడనుకొంటిని. రెండవ యేడును అట్లే అనుకొంటిని. ఇప్పుడు నేర్చుకొనుటకేమియు మిగులలేదు. తెల్లవారుచున్నది, పొద్దు గ్రుంకుచున్నది. ఈ యేండ్లకు అర్థమేమి?" అని ఆమె అడిగెను. ఓర్పు నేర్పుటకేనమ్మా అని చెప్పితిమి. ఆమె మర్యాద కొరకు తల ఊపెను. ఆ జవాబు ఆమెకే కాదు, మాకును చాలలేదు.

అరణ్యము అను మాట మన తెలుగు చెవులకు కొంత మోసము చేయుచున్నది. అరణ్యమనగానే మనకు నల్లమల వంటి దట్టమైన అడవి, వాగులు, పండ్లు, పులులు తోచును. సండే స్కూలులో ఒక చిన్నవాడు, "అడవిలో పండ్లుండవా, మన్నా ఎందుకు?" అని అడిగి ఉపాధ్యాయురాలిని చిక్కులో పెట్టెను. సంఖ్యాకాండమునకు హెబ్రీ భాషలో 'బెమిద్బార్' అని పేరు. 'మిద్బార్‌లో' అని దాని అర్థము. మిద్బార్ అనగా పైరు పండని ఎండు నేల. వానలు పడినప్పుడు మందలకు కొంచెము మేత దొరకును. తక్కినదంతయు రాయి, ఇసుక, తుప్పలు. అక్కడ మనుష్యుడు దారి తప్పుట చెట్లు అడ్డమగుట వలన కాదు, ఏ దిక్కు చూచినను ఒక్కటే రీతిగా నుండుట వలన. ఆ సహోదరి చెప్పినది అటువంటి చోటును గూర్చియే.

హోరేబు నుండి కాదేషు బర్నేయకు పదకొండు దినముల ప్రయాణమని ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. కాదేషు బర్నేయ విడిచినది మొదలు జెరెదు వాగు దాటువరకు పట్టినది ముప్పది యెనిమిది యేండ్లు. అవిశ్వాసమునకు వచ్చిన తీర్పు అది. రెండవ సంవత్సరమున యుద్ధమునకు పోదగిన పురుషులను లెక్కింపగా 6,03,550 మంది. ప్రయాణము చివర మోయాబు మైదానములలో లెక్కింపగా 6,01,730 మంది. సంఖ్య ఇంచుమించు అంతే, మనుష్యులు మాత్రము వారు కారు. మొదటి లెక్కలోని వారిలో కాలేబు, యెహోషువ తప్ప ఎవరును రెండవ లెక్కలో లేరు. అనగా దారి పొడుగునను పిల్లలు తలిదండ్రులను పాతిపెట్టుచు పెరిగిరి. పాపము చేసినది తండ్రులు. నడచినది పిల్లలు కూడ. ఈ సంగతిని మన ప్రసంగములలో త్వరగా దాటిపోవుచుందుము.

ఆ ముప్పది యెనిమిది యేండ్లను గూర్చి మోషే గ్రంథములు చెప్పినది బహు స్వల్పము. అయితే ఈ పట్టీ ఉన్నది. మోషే దీనిని తన జ్ఞాపకార్థము వ్రాసికొనలేదు. యెహోవా సెలవిచ్చినందున వ్రాసెనని రెండవ వచనములోనే యున్నది. రిత్మా, రిమ్మోను పారెసు, లిబ్నా, రీసా, కెహేలాతా, హరాదా, తాహతు. అక్కడ యుద్ధము జరిగినట్లు లేదు, అద్భుతము జరిగినట్లు లేదు. వాటిలో అనేకము ఎక్కడ నుండెనో నేడు ఎవరును నిశ్చయముగా చూపలేరు. ఎక్స్‌ప్రెస్ బండి ఆగని చిన్న స్టేషన్ల బోర్డులవలె కన్నుల ముందు గడచిపోవును. కాని ఆ బోర్డు క్రింద ఎవరో కాపురముండిరి. ఎవరో బిడ్డను కనిరి.

పట్టీలో ఇంకొక వింత. ఏలీము దగ్గర పండ్రెండు నీటి బుగ్గలు, డెబ్బది ఈత చెట్లు ఉన్నవని వ్రాయబడినది. రెఫీదీములో త్రాగుటకు నీళ్లు లేవని వ్రాయబడినది. సీనాయి దగ్గరకు వచ్చుసరికి ఒక్క వచనమే! ఉరుములు లేవు, రాతి పలకలు లేవు. బంగారు దూడయు లేదు. ఆ తరువాతి మజిలీ కిబ్రోతు హత్తావా. దురాశ సమాధులని ఆ పేరునకు అర్థము. పేరు మిగిలినది గాని అక్కడి నేరము ఇక్కడ తిరిగి చెప్పబడలేదు. లోకమంతయు ఎరిగిన సీనాయికి ఎంత చోటో, ఎవరును ఎరుగని హరాదాకు అంతే చోటు. చెట్లున్నవని, నీళ్లు లేవని వ్రాయించిన దేవుడు ప్రజల తిరుగుబాటును ఈ పుటలో వ్రాయించలేదు. ఇది చూచిన దినమున మేము గ్రంథము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

ఈ పేళ్ల అర్థము అడిగినవారిలో మనము మొదటివారము కాము. మూడవ శతాబ్దములో ఒరిగెను ఈ నలువది రెండు మజిలీలను ఆత్మ పైకెక్కు మెట్లుగా వివరించి ప్రసంగించెను. తరువాత రోమా స్త్రీయైన ఫబియోల కథ కలదు. దుర్మార్గుడైన భర్తను విడిచి మరల వివాహమాడినది. రెండవ భర్త మరణించిన పిమ్మట సంఘము ఎదుట బహిరంగముగా పశ్చాత్తాపపడి, ఆస్తి అమ్మి, రోమాలో రోగులకు ఆశ్రయము కట్టించి, చీము కారు పుండ్లను తన చేతులతో కడిగినది. 395వ సంవత్సరమున ఆమె బేత్లెహేమునకు వెళ్లినప్పుడు, అక్కడ నివసించుచున్న జెరోమును ఈ అధ్యాయపు పేళ్లను గూర్చియే అడిగెను. ఆ గొప్ప పండితుడు వెంటనే జవాబు చెప్పలేక, వ్రాసి పంపెదనని మాట యిచ్చెను. ఆలస్యమాయెను. 399లో ఫబియోల మరణించెను. జెరోము వ్రాసిన జవాబు ఆమె జ్ఞాపకార్థమైన కానుకయై మిగిలెను.

ఒక్కొక్క పేరు నుండి ఒక్కొక్క పాఠము పిండుట మాకంతగా రుచింపదు. హరాదాకు వణకు అని, మిత్కాకు తీపి అని అర్థము చెప్పుదురు, చెప్పవచ్చును. కాని వాక్యము ఆ పని చేయలేదు. ప్రతి మజిలీకి అర్థము చెప్పమని మనము అడుగుచున్నాము. దేవుడు అర్థము చెప్పక మజిలీ పేరు వ్రాయించెను. ఫబియోల జవాబు లేకుండనే రోగుల మధ్యకు తిరిగి వెళ్లినది.

మేము ఆ సహోదరి ఇంటికి మరల వెళ్లి, ఓర్పును గూర్చి చెప్పిన మాటను వెనుకకు తీసికొంటిమి. ఆ పట్టీ అంతయు చదివితిమి. మంచము మీద నున్న ఆయనయు వినుచుండెను. హరాదా దగ్గర ఆమె ఆపి, "అక్కడ ఎన్నాళ్లున్నారయ్యగారూ?" అని అడిగెను. వ్రాయబడలేదని చెప్పి, తొమ్మిదవ అధ్యాయము తీసితిమి. మేఘము ఒక్కొక్కప్పుడు రెండు దినములు నిలిచెను, ఒక్కొక్కప్పుడు నెల, ఒక్కొక్కప్పుడు ఏడాది. అది నిలిచినంత కాలము వారు కదలలేదు.

"లేచే రోజు ముందుగా చెప్పేవాడా?"

"లేదమ్మా."

"మరి ఆ రోజులలో మన్నా?"

"విశ్రాంతి దినము తప్ప రోజూ కురిసెను. హరాదాలోను, రీసాలోను. కనానులో అడుగుపెట్టి ఆ దేశపు పంట తిన్న మరునాటి వరకు ఆగలేదు."

ఆమె ఇంకేమియు అడుగలేదు. ఆయనను ప్రక్కకు తిప్పు వేళయైనదని లేచెను. మేమును ఒక చేయి వేసితిమి.

ఆ సాయంకాలము మిగిలిన వచనములు ఇంటికి వచ్చి చదువుకొంటిమి. పట్టీ కనానులో ముగియదు. యెరికో ఎదుట, యొర్దాను ఇవతల, బేత్యేషీమోతు మొదలుకొని ఆబేలు షిత్తీము వరకు వేసిన గుడారముల దగ్గర ముగియును. ఆ దేశమును చూచిన తరువాత నీవు నీ స్వజనులలో చేర్చబడుదువని దేవుడు మోషేతో అంతకుముందే చెప్పియుండెను. ఆ మాట 27వ అధ్యాయములో నున్నది. తాను దాటబోని ఆ నది ఒడ్డు పేరు కూడ మోషే వ్రాసెను.