అనుమానానికీ ఒక ఆనవాలు

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. నిజమే కానీ, బొత్తిగా అనుమానమే లేని ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి? గ్యాసు వాసన వస్తోందేమోనని అర్ధరాత్రి లేచి చూసే ఇల్లాలిది చాదస్తమంటారు. చూడకపోతే నిర్లక్ష్యమంటారు. మరి మనిషి ఎంతవరకు అనుమానించాలి?

మా సూరారంలో పాత ఇనుము కొట్టు కనబడినప్పుడల్లా నాకీ ప్రశ్నే గుర్తొస్తుంది. 2010లో ఢిల్లీ మాయాపురిలో, ఇలాంటి కొట్లలోనే ఘోరం జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంవారు ఏళ్ల తరబడి మూలపడి ఉన్న యంత్రాన్ని వేలం వేశారు. అందులో కోబాల్టు-60 ఉంది. కొన్నవాళ్లకది ఉత్త ఇనుమే. విప్పారు, కోశారు. కొందరు మంచంపట్టారు, ఒకరు పోయారు. ఆ కిరణాలకు రంగూ లేదు, వాసనా లేదు.

అయితే గుమ్మం గుమ్మానికీ గంట కడితే సరిపోతుందా? సరిపోదు. మన వంటింటి గ్రానైటు బండలోనూ, అరటిపండులోని పొటాషియంలోనూ ఆ కిరణాలు కాసిని ఉంటాయి. థైరాయిడ్‌కు అయోడిన్-131 మందు పుచ్చుకున్న మనిషిని చూసినా ఆ గంట మోగవచ్చు. ఊరికే పదిసార్లు మోగితే పదకొండోసారి ఎవరు లేచి వస్తారు? “నాన్నా పులి” కథే!

అందుకే శాస్త్రజ్ఞులు “ఎంత?” అని అడిగి ఊరుకోలేదు, “ఎవరు నువ్వు?” అని కూడా అడిగారు. అడుగుల చప్పుడును బట్టి వచ్చింది పాలవాడో పెద్దాడో మనం పోల్చుకోమూ? అలాగే ఒక్కో పదార్థం కిరణానికీ ఒక్కో శక్తి. కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కలో సీజియం-137 ది 662, కోబాల్టుకు 1173, 1332 అని రెండు, పొటాషియంది 1461. చేతిలో పట్టే పరికరమే ఆ అంకె చూసి పేరు చెబుతుంది. చుట్టూ మందంగా సీసం కప్పి ఉంటే మాత్రం అదీ తికమకపడుతుంది. అప్పుడు ఏదో ఒక పేరు చెప్పేసేదానికన్నా “పోల్చుకోలేకపోయాను” అనేదే మంచి పరికరం.

ఈపాటి మర్యాద మనుషుల మధ్య ఉందా? ఉంగరం కనబడకపోతే మొదటి చూపు పనిమనిషి మీదికే పోతుంది. అమ్మాయి ఫోనులో గొంతు తగ్గిస్తే చాలు, తల్లి గుండెలో గంట మోగుతుంది. యంత్రం పొరపాటున మోగితే పోయేది పది నిమిషాలు. మనిషి మీద పొరపాటున మోగిస్తే, ఉంగరం దిండుకింద దొరికినా ఆ మాట వెనక్కి రాదు.

గంట మోగడం తప్పంటానా? అనను. మోగనివ్వండి. కానీ పేరు పెట్టేముందు ఒక్కసారి అడగండి, వెతకండి. ఆనవాలు దొరకలేదా, “నాకు తెలియలేదు” అనండి. అలా అన్నందువల్ల ఏ ఇల్లూ కూలిపోలేదు.