ఎర్రమంచిలో పరిగె

కరవు వచ్చినప్పుడు ఎలీమెలెకు బేత్లెహేము విడిచి మోయాబునకు పోయెను. అనంతపురపు సీమవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. వానలు తప్పిన యేండ్లలో మూటలు కట్టుకొని బెంగుళూరునకును, కేరళకును పోయినవారు మన సంఘములలోనే యున్నారు.

2017లో ప్రయాణపు దిక్కు కొంత మారినది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారము కట్టుటకు దక్షిణ కొరియా సంస్థయైన కియా రాష్ట్ర ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. పెట్టుబడి సుమారు 110 కోట్ల డాలర్లు. ఏటికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారము. 2019లో కార్లు బయటికి వచ్చెను. డబ్బు వెంట మనుష్యులును వచ్చిరి. యంత్రములు నిలుపువారు, పని నేర్పువారు, విడిభాగములు చేయు సంస్థలవారు కొరియానుండి దిగిరి. పెనుకొండలో కొరియా అక్షరముల బోర్డులు లేచెను.

పెట్టుబడి వచ్చినయెడల వలస ఆగునని అనుకొనుట సులువు. సాస్కియా సాసెన్ అను పండితురాలు 1988లో ప్రచురించిన గ్రంథములో వేరు మాట చెప్పెను. పరదేశపు ధనము చేరినచోట పాత బ్రతుకులు కదలును, దూరదేశములతో సంబంధములు కలుగును, ఆ త్రోవనే జనులు మహానగరములకు పయనమగుదురు. ఇది నమ్మదగినదిగానే తోచుచున్నది. యంత్రముమీద చెయ్యి తిరిగిన కుఱ్ఱవాడు ఎర్రమంచితో ఆగునా? వాడు పోవుట తప్పని మేమనము.

మమ్మును కలతపెట్టునది మరియొకటి. ప్రియులారా, కొరియా ఇంజినీరుకు సంతోషముగా అద్దెకిచ్చు గదిని ఉత్తరాదినుండి వచ్చిన కూలివానికి ఇచ్చుటకు వెనుకాడుచున్నామా? లేవీయకాండము 19వ అధ్యాయము పరదేశిని ప్రేమింపుమన్నప్పుడు వాని జీతమెంతయని అడుగలేదు.

పొలపు అంచులు కోయక బీదలకును పరదేశులకును విడువవలెనను ఆజ్ఞయు ఆ అధ్యాయములోనిదే. దానివలననే రూతు బ్రదికెను. పొలమే కర్మాగారమైనప్పుడు అంచెక్కడ? భూమిగలవానికి వెల ముట్టును. అందులో కలుపు తీసి, వేరుసెనగ పీకి బ్రదికిన ఆమె మాటేమి? 2013 నాటి భూసేకరణ చట్టము, సొంత భూమి లేకున్నను మూడేండ్లుగా ఆ భూమిమీద కూలి చేసి ప్రధానముగా దానివలననే జీవించిన కుటుంబములనుకూడ బాధిత కుటుంబములుగా లెక్కించుచున్నది. జాబితా చదువునప్పుడు ఆమె పేరు వినబడినదో లేదో చూడవలసిన పని చదువు వచ్చిన మనది.

ఇక కర్మాగారములలో ఊడ్పు, తోట, వంటశాల పనులు తరచుగా కంట్రాక్టరు చేతిలో నుండును. బోయజు తన పనివారితో ముందే చెప్పి, రూతుకొరకు పనలలోనుండి కొన్నిటిని కావలెనని లాగి పడవేయించెను. కంట్రాక్టర్లలో మన సంఘస్థులును ఉందురు.