నాలుగు వందల్లో ఒక వంతు

అనగనగా జనగామ వైపు ఒక బోరుబావి, దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డు గోడకి మూడు ఫేజుల స్టార్టరు పెట్టె. ఆ పెట్టెలో ఒక చిప్పు ఉండేది. దాని పని వోల్టేజీ కొలిచి అంకె చేయడం. ఇంజనీర్లు దాన్ని అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్ అంటారు, ముద్దుగా ఏడీసీ. సున్నా నుంచి 3.3 వోల్టుల దాకానే దాని చూపు. ఆ కాస్తలోనే 4096 మెట్లు లెక్కపెట్టగలదు కాబట్టి గర్వం కూడా అన్ని మెట్లూ ఉండేది.

"ఊరందరికీ వోల్టేజీ చెప్పేది నేనే" అనేది రోజూ.

చిప్పుకీ లైనుకీ నడుమ నలుగురు అన్నదమ్ములు వరసగా నిలబడి ఉండేవాళ్లు. రెసిస్టర్లు, ఒక్కొక్కరు 330 కిలో ఓమ్‌లు. వాళ్ల కింద 3.3 కిలో ఓమ్‌ల చిన్న చెల్లెలు. వచ్చిన వోల్టేజీలో అన్నలు తమ వాటా పుచ్చుకోగా చెల్లెలి దగ్గర మిగిలేది నాలుగు వందల్లో ఒక వంతు. చిప్పుకి అందేది అదే. ఏసీ కిందికీ పైకీ ఊగుతుంది, చిప్పుకేమో సున్నా కింద ఏదీ కనపడదు. అందుకని ఆ కాస్త ఊపునీ 1.65 వోల్టుల మీద కూర్చోబెట్టి పంపేవాళ్లు. గుమ్మంలో ఇద్దరు డయోడ్ కాపలాదారులు. మిగతా రెండు ఫేజులకీ ఇలాంటి జట్లే ఉన్నాయి, వాటి సంగతి మనకిప్పుడు అక్కర్లేదు.

ఒకనాడు చిప్పు అలిగింది. "230 వోల్టులంటే శిఖరం 325. అందులో నాకు పెట్టేది 0.8 వోల్టు! నా మెట్లలో సగం బీడు పడి ఉన్నాయి. రెండు వందల్లో ఒక వంతు ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

పెద్దన్న కోప్పడలేదు. "తమ్ముడూ, నువ్వు 230ని చూసి మాట్లాడుతున్నావు. మమ్మల్ని నిలబెట్టినాయన ఫేజుల మధ్య ఉండే 415ని చూసి నిలబెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగిన రోజున ఒక ఫేజు మీద నాలుగు వందల దాకా ఎగబాకుతుంది. 415 శిఖరం 587. ఆ రోజు నీకు ఆ బీడే పొలమవుతుంది."

"మరి ఒకే ఒక్క పెద్ద రెసిస్టర్ చాలదా? నలుగురి దండగెందుకు?"

"మాలో ఒక్కడు 200 వోల్టులకు మించి నిలబడలేడు. నలుగురం కలిస్తే 800. విలువొక్కటీ చూసి తట్టుకునే వోల్టేజీ చూడని మేస్త్రీలు చాలామందే ఉన్నారులే."

ఆ వైశాఖంలోనే ఒక రాత్రి గాలివాన వచ్చింది. లైను మీద ఎక్కడో పిడుగు పడింది. ముందు వరసలో ఉన్న వారిస్టర్ బిళ్ల ఆ తాకిడిని తన మీద వేసుకుని నల్లగా మాడిపోయింది. అది ఆపగా మిగిలిన వెయ్యి వోల్టులు నలుగురన్నల మీదుగా వచ్చేసరికి ఒక మిల్లీఆంపు కూడా లేదు. గుమ్మం దాటబోయిన ఆ కాస్తనీ డయోడ్లు పక్కకు మళ్లించాయి. తెల్లారేసరికి చిప్పు బతికే ఉంది, 228 అని ఫోనుకి పంపింది కూడా. కథ ఇక్కడ ఆగితే బాగుండేది.

పెట్టెని బాలానగర్‌లోని వర్క్‌షాపుకి పట్టుకెళ్లారు. మాడిన బిళ్లని చూసి వర్క్‌షాపు యజమాని గుండె జారిపోయింది. బిళ్ల తన పని తాను చేసి పోయిందని అనుకోలేదు, ఈసారి చిప్పు పోతుందనుకున్నాడు. బిళ్ల మార్చి ఊరుకోకుండా చెల్లెలిని కూడా పీకేసి ఆ స్థానంలో 130 ఓమ్‌ల పిల్లని పెట్టాడు. ఇక చిప్పుకి దక్కేది పదివేలలో ఒక వంతు. "పదివేల వోల్టులొచ్చినా దీనికి ఒక్క వోల్టే తగులుతుంది" అని సంబరపడ్డాడు.

పెద్దన్న నొచ్చుకున్నాడు. "పదివేలే వస్తే మెరుపు మా ఒంటి మీదుగా ఎగిరి దూకుతుంది, కింద ఎవరున్నా ఒకటే. అడ్డం పడేది మేమూ ఆ బిళ్లా. చెల్లెల్ని చిన్నది చేస్తే తగ్గేది చిప్పుకి అందే కబురే." రెసిస్టర్ల మాట ఎవరు వింటారు?

చిప్పు పరిస్థితి ఏమైందంటే, మునుపు దాని ఒక్కో మెట్టు లైను మీద 0.32 వోల్టుకి సమానం. ఇప్పుడు ఒక్కో మెట్టు 8 వోల్టులు. పక్కనే కాంటాక్టర్ కాయిల్ రొద రెండు మూడు మెట్లు అటూ ఇటూ ఊపుతుంది. బల్ల మీద పరీక్షిస్తే 230 దగ్గరే చూపించింది కాబట్టి యజమాని పెట్టెని పంపేశాడు. పొలంలో రీడింగు గంతులేసి, మోటారు ఊరికే ఆగిపోవడం మొదలైంది. ఫేజుల మధ్య తేడా పది వోల్టులైతే ఆపమని ఉన్న హద్దుని అతను నలభైకి పెంచాడు. గంతులు ఆగాయి. అందరూ సంతోషించారు.

కోతల ముందు ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోయింది. ఇక్కడ ఒక మాయ ఉంది. తిరుగుతున్న మోటారు, పోయిన ఫేజు కొస మీద తనే వోల్టేజీ పుట్టిస్తుంది. సున్నా కనపడాల్సిన చోట మామూలు కన్నా ఓ ఇరవై వోల్టులే తక్కువ కనపడుతుంది. పాత లెక్కలో చిప్పు ఆ ఇరవైని అరవై మెట్లుగా చూసి క్షణంలో ఆపేది. కొత్త లెక్కలో అది రెండున్నర మెట్లు, రొదలో కలిసిపోయింది. ఓవర్‌లోడ్ రిలేని ఎప్పుడో బైపాస్ చేసి ఉంచారు, మన పల్లెల్లో అది మామూలే. మిగతా ఫేజుల్లో కరెంటు పెరిగి, తెల్లారేసరికి వైండింగు కాలిపోయింది.

ఆ పొలం ఆసామి ఒక పెద్దావిడ. పెట్టె చంకన పెట్టుకుని వర్క్‌షాపుకి వెళ్లింది. అతను చిప్పు తీసి చూపించాడు. "చూడమ్మా, దీనికి ఏమీ కాలేదు, చెక్కుచెదరలేదు."

ఆవిడ దాని వంక చూడనైనా చూడలేదు. "నిన్ను కాపాడమన్నది మోటారునా నాయనా, నీ పెట్టెనా?"

యజమాని మారు మాట్లాడలేదు. 3.3 కిలో ఓమ్‌ల చెల్లెలిని తిరిగి అతికాడు, హద్దుని పదికి దించాడు, రిలే బైపాస్ తీయించాడు. రీవైండింగు ఖర్చు కూడా తనే పెట్టుకున్నాడు.

నీతి: కొలవడానికి తగ్గించు, భయంతో తగ్గించకు.

ఎక్కువ వోల్టేజీని కొలిచే ప్రతి పరికరంలోనూ ఈ బేరమే నడుస్తుంది. 132 కిలోవోల్టుల లైనుని సబ్‌స్టేషన్‌లో పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ 110 వోల్టులకు దించుతుంది, రిలేలోని కన్వర్టర్ కోసం అక్కడి నుంచి మళ్లీ దించుతారు. అనలాగ్ డివైసెస్ కంపెనీ ఏడీ7606 అనే చిప్పు 5 వోల్టుల సరఫరాతో నడుస్తూ ప్లస్ మైనస్ 10 వోల్టుల సంకేతాన్ని నేరుగా పుచ్చుకుంటుంది. దాని లోపలా ఇలా తగ్గించే అమరికే ఉంటుంది, గుమ్మంలో ప్లస్ మైనస్ 16.5 వోల్టుల దాకా ఓర్చే కాపలా ఉంటుంది. దానికి 65,536 మెట్లున్నా, వంతు తప్పుగా ఎంచితే అవీ బీడే. అందుకే వంతు లెక్క రెండు వైపుల నుంచీ మొదలవ్వాలి: రాగల అతి పెద్ద వోల్టేజీ ఎంత, మనం పసిగట్టాల్సిన అతి చిన్న తేడా ఎంత. నా అనుభవంలో మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు, రెండోది మోటారు కాలాక అడుగుతారు.

ఇది చదివి ఇలాంటి బోర్డు కట్టాలనుకునే కుర్రవాళ్లకు ఒక్క మాట. రెసిస్టర్ల వరస వోల్టేజీని తగ్గిస్తుందే కానీ లైను నుంచి వేరు చేయదు. బోర్డు గ్రౌండు న్యూట్రల్‌కి కలిసి ఉంటుంది, న్యూట్రల్ తెగినా తీగలు తారుమారైనా లైను వోల్టేజీ మీ మీదికే వస్తుంది. మధ్యలో ఐసొలేటర్ లేకుండా బోర్డుకి ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించకండి, మెయిన్ ఆపకుండా మూత తీయకండి.