అకాలమున గతించిన తండ్రి జ్ఞాపకము

తండ్రి వృద్ధాప్యములో గతించినయెడల బిడ్డలకు అతని జీవితమంతయు తెలిసియుండును. వారు అతని ప్రేమను, కోపమును ఎరుగుదురు. అతనితో వాదించియుందురు, క్షమించియుందురు, క్షమింపబడియుందురు. యౌవనములోనే తండ్రి చనిపోయిన బిడ్డకు ఆ భాగ్యము లేదు. ఒక పటము, పెద్దలు చెప్పిన నాలుగు మాటలు, వానికి మిగిలిన తండ్రి ఇంతే. కాబట్టి ఆ పెద్దలమీద ఒక భారము మోపబడుచున్నది. వారు ఆ బిడ్డకు అచ్చియున్నది పొగడ్తయా, సత్యమా?

బస్తరు రాజవంశ చరిత్రము ఈ ప్రశ్నను మనయెదుట ఉంచుచున్నది. ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకొను ఆ వంశములో రుద్రప్రతాప దేవు 1885లో పుట్టెను. తండ్రి భైరమ దేవు 1891లో మరణింపగా, ఆరేండ్ల ప్రాయముననే అతడు రాజనబడెను. అయితే బాల్యమంతయు పాలనాధికారము ఇతరుల చేతులలోనే యుండెను. 1921లో, నలువది యేండ్లు నిండకమునుపే, అతడును గతించెను. 1910లో పుట్టిన కుమార్తె ప్రఫుల్ల కుమారీ దేవి బాల్యములోనే సింహాసనమునకు వారసురాలాయెను. ఆమెయు 1936లో లండనులో చనిపోయెను. అప్పటికి ఆమె కుమారుడు ప్రవీర చంద్రకు ఏడేండ్లు నిండలేదు. ఇట్లు వరుసగా మూడు తరములవారు చిన్నతనముననే తలిదండ్రులలో ఒకరిని పోగొట్టుకొనిరి.

రుద్రప్రతాపుని గూర్చి మేలు చెప్పుటకు ఆధారము లేకపోలేదు. జగదల్‌పూరులోని తీర్చిన వీధులను, కూడళ్లను చూపి జనులు నేటికిని అతని పేరు చెప్పుదురు. అయితే కుమార్తె పుట్టిన 1910వ సంవత్సరములోనే అతని రాజ్యములో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగెను. అడవిలో మూడింట రెండు వంతులను ప్రత్యేకించి, పోడు సేద్యమును, వేటను, అడవి సరకు ఏరుకొనుటను ఆపవలెనని ఆంగ్ల ప్రభుత్వము 1905లో తలపెట్టియుండెను. కరవులును, వెట్టిచాకిరియు దానికి తోడయ్యెను. నేతానార్ గ్రామపు గుండా ధూర్ పేరు ఆ తిరుగుబాటుతో ముడిపడియున్నది. దానిని అణచుటకు సుమారు మూడు నెలలు పట్టెను. తరువాత ప్రత్యేకింపదలచిన అడవి దాదాపు సగమునకు తగ్గింపబడెను. ఆ నెలలలో చంపబడిన వనవాసులలోను తండ్రులుండిరి. వారి పటములు ఏ మేడలోను లేవు.

రాజకుమార్తెకు తండ్రినిగూర్చి 1910 ఊసెత్తక చెప్పినయెడల, అడవి పల్లెల బిడ్డలకు అన్యాయము జరుగును. నేరమంతయు ఆ యౌవనునిమీదనే మోపినయెడల అదియు అసత్యమే. ఏలయనగా అడవిని గూర్చిన తీర్మానము అతడు చేసినది కాదు. తనకు లేని అధికారమునకు అతడు బాధ్యుడు కాడు. తనకున్నంత అధికారమునకు బాధ్యుడు. ఈ రెండును కలిపి చెప్పుటయే న్యాయము.

పసిబిడ్డకు చనిపోయిన తండ్రి లోపములు చెప్పుట క్రూరత్వము కాదా అని ఎవరైన అడుగవచ్చును. వయస్సునకు తగినంతయే చెప్పి, మిగిలినది తగిన కాలమువరకు దాచియుంచుట అబద్ధము కాదు. లేని గుణములను కల్పించుటయే అబద్ధము. మచ్చలేని తండ్రి నీడలో పెరిగిన బిడ్డ, తన ప్రతి తప్పును ఆ పటముతో పోల్చుకొని క్రుంగిపోవును. ఒకనాడు నిజము బయటపడినప్పుడు, తనకున్న ఆ కొంచెము తండ్రిని కూడ పోగొట్టుకొనును. అది రెండవ మరణము.

యోనాతాను యుద్ధములో పడినప్పుడు అతని కుమారుడైన మెఫీబోషెతు ఐదేండ్లవాడు. దావీదు తన స్నేహితునికొరకు విలపించెను. కాని జ్ఞాపకము విలాపముతో ముగియలేదు. తరువాత అతడు ఆ కుమారుని లోదెబారునుండి పిలిపించి, పితరుని భూమిని తిరిగి ఇప్పించి, తన బల్లయొద్ద కూర్చుండబెట్టెను. ఆ గ్రంథమే సౌలు పాపమును దాచలేదు. తాత దోషము తెలిసియుండియు మనుమనికి మేలు చేయబడెను. సత్యము చెప్పుట దయకు అడ్డు కాలేదు.

బస్తరులోని మాడియా గోండులు చనిపోయినవారి పేరిట నిలువు రాళ్లు పాతుదురు, కొయ్య స్తంభములు చెక్కుదురు. దంతెవాడ ప్రాంతమందలి గామావాడలో అట్టి రాళ్లు నేటికిని నిలిచియున్నవి. వారి ఆచారములను డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938లో ప్రకటించిన గ్రంథములో వర్ణించెను. పాత రాళ్లమీద పేరు లేదు, బిరుదు లేదు. ఇక్కడ ఒకడు జీవించెనని మాత్రమే రాయి చెప్పును. అతడెట్టివాడో బ్రదికియున్నవారే చెప్పవలెను. వారు చెప్పనియెడల రాయి మూగదే.

కాబట్టి యౌవనమున గతించిన స్నేహితుడు గాని సహోదరుడు గాని మనకున్నయెడల, అతని బిడ్డకు మనము చేయవలసినది రెండు విధములు. అతడు దేనికి నవ్వెనో, దేనికి భయపడెనో, ఏ పని చేతగాక విసిగెనో, ఎవరికి అప్పు తీర్చెనో, ఉన్నదున్నట్లు చెప్పవలెను. అతడు బ్రదికియుండిన ఏ పని చేసియుండునో, బడి రుసుము గాని, పొలము తగవు గాని, పెండ్లి మాట గాని, అందులో మన పాలు మనము మోయవలెను. బిడ్డ పెద్దవాడై తండ్రిని గూర్చి కఠినమైన ప్రశ్న అడుగు దినమున, మన జవాబును అతడు నమ్మునో లేదో ఈ రెంటివలననే తేలును.